96 మార్కులు వచ్చిన సైటుకు ఫోన్లు ఎందుకు రావడం లేదు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కర్నూలులో మూడు కార్లు అద్దెకు తిప్పుతున్నారు. రాయలసీమలో చూడదగ్గ చోట్ల గురించి ఒక వెబ్‌సైటు పెట్టారు. దాన్ని పరీక్షించిన ఒక సంస్థ నూటికి 96 మార్కులు వేసి, ‘చాలా నాణ్యమైన సైటు’ అని కాగితం ఇచ్చింది. నెలకు వంద కొత్త పేజీలు చేర్చి పెడతామని కూడా అంటోంది. అయినా మీకు ఫోన్లు రావడం లేదు. మీ ఊళ్లోనే మరో కార్ల యజమాని పదేళ్ల కిందట పెట్టుకున్న, కంటికి ఇంపుగా లేని సైటుకు మాత్రం వస్తున్నాయి. ‘అసలు వెబ్‌సైటు నాణ్యమైనదని దేన్ని చూసి చెప్పాలి?’ అని అడిగారు.

నేను కడపలో ఉంటాను. 1998లో డీటీపీ పనితో మొదలుపెట్టాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పాఠశాలల ప్రశ్నపత్రాలు చేసేవాణ్ని. 2007 నుంచి సైట్లు చేస్తున్నాను: లాడ్జీలు, విత్తనాల దుకాణాలు, చిన్న ఆసుపత్రులు, ఒకటి రెండు దేవాలయాలు. నిన్న రాత్రి భోజనం అయ్యాక మీ సైటూ ఆయన సైటూ పక్కపక్కన తెరిచి రెండు గంటలు చూశాను. మీకు నచ్చని మాటే ముందు చెప్పేస్తాను. ఆ పాత సైటే మీ సైటు కంటే నాణ్యమైనది.

ముందు ఆ 96 సంగతి. ఆ మార్కులు వేసింది మనిషి కాదు, ఒక ఉచిత పరికరం. అది పేజీ ఎంత త్వరగా తెరుచుకుంటుందో, అక్షరాల రంగు వెనుక రంగులో కలిసిపోతోందా, బొమ్మలకు వివరణ ఉందా, శీర్షికలు ఉన్నాయా అని చూస్తుంది. ఇవి అవసరమైన సంగతులే. కానీ పేజీలో రాసింది నిజమా అబద్ధమా అన్నది దానికి తెలియదు. ‘గండికోట సముద్రం ఒడ్డున ఉంది’ అని ఒకే వాక్యం రాసి పెట్టండి, నూటికి నూరు ఇచ్చినా ఇస్తుంది. పైగా ఆ సంస్థ పరీక్షించింది మీ మొదటి పేజీని ఒక్కదాన్నే. మీ గండికోట పేజీని అదే పరికరంలో నేను పెట్టి చూస్తే 41 వచ్చింది. కారణం తరువాత చెబుతాను.

ఇక ఆయన సైటు. పసుపు రంగు నేల మీద ఎర్ర అక్షరాలు, పైన అటూ ఇటూ పరుగెత్తే వరుస ఒకటి. 2005 నాటి సైటులా ఉందని మీరు నవ్వుకుని ఉంటారు, నేనూ నవ్వాను. తరువాత చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీలోనే ఆయన ఫొటో ఉంది, కారు పక్కన నిలబడి, నంబరు ప్లేటు కనబడేలా. కిలోమీటరుకు ఎంతో, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క కడతారో, డ్రైవర్ బత్తా రాత్రి ఎన్ని గంటలు దాటితే పెరుగుతుందో, టోలు, పార్కింగు ఎవరు ఇచ్చుకోవాలో రాశారు. బెలుం గుహల దగ్గర ఇలా ఉంది: ‘లోపల బాగా ఉక్కగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లను పాతాళగంగ దాకా తీసుకువెళ్లకండి, తిరిగి ఎక్కడం కష్టం. చేతిలో తుండు ఉంచుకోండి.’ కింద తేదీ ఉంది. యాగంటి గురించి రాసిన చోట, బనగానపల్లె దాటాక దారి మరమ్మతు జరుగుతోందని ఒక నెలలో రాసి, మరుసటి నెలలో ‘దారి బాగయింది’ అని కొట్టివేసి పెట్టారు. పాత వాక్యాన్ని తీసివేయలేదు, దాని మీద గీత గీశారు. ఆ గీత చూశాక నాకు ఆ మనిషి మీద నమ్మకం కుదిరింది.

ఇప్పుడు మీ బెలుం పేజీ. ‘ప్రకృతి ప్రేమికులకు, సాహసికులకు బెలుం గుహలు ఒక స్వర్గధామం. ఇక్కడి అద్భుత సౌందర్యం సందర్శకులను మంత్రముగ్ధుల్ని చేస్తుంది. కుటుంబ సమేతంగా తప్పక చూడవలసిన ప్రదేశం.’ ఇలా పదకొండు పేరాలు.

ఈ పేజీకి నేనొక పరీక్ష పెడతాను, మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు కూడా ఇదే చెబుతాను. ఊరి పేరు మార్చి చూడండి. బెలుం అన్న చోట అరకు అని పెట్టండి, ఊటీ అని పెట్టండి, మీ వాక్యాలు చెక్కుచెదరవు. పేరు మార్చినా నిలబడే వాక్యం ఆ ఊరి గురించి ఏమీ చెప్పలేదన్నమాట. ఆయన వాక్యంలో బెలుం తీసి ఊటీ పెడితే అక్కడికక్కడే కూలిపోతుంది, ఊటీలో ఉక్కపోతకు తుండు ఎందుకు? మీ పదకొండు పేరాల్లో ఈ పరీక్షకు నిలిచినవి రెండే వాక్యాలు. ఆ రెండింట్లోనూ తప్పులున్నాయి.

మొదటిది: ‘కర్నూలు జిల్లాలోని బెలుం గుహలు’. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు బెలుం నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. అహోబిలం, యాగంటి, మహానంది, శ్రీశైలం కూడా అంతే. మీ మరో పేజీలో లేపాక్షి ఇంకా అనంతపురం జిల్లాలోనే ఉంది, అది శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లి ఏళ్లు గడిచాయి. ఇది చిన్న తప్పే, మా బంధువులు ఇప్పటికీ పాత జిల్లా పేర్లే చెబుతారు. కానీ మీ పేజీ అడుగున ‘చివరగా సవరించిన తేదీ’ అని నిన్నటి తేదీ ఉంది. ఈరోజు పొద్దున తెరిస్తే ఈరోజు తేదీ కనబడింది. ఎవరూ ఏమీ సవరించకుండానే ఆ తేదీ రోజూ దానంతట అదే మారుతోంది. సైటు చేసినవాళ్లు పెట్టి ఉంటారు, మీకు తెలిసి ఉండకపోవచ్చు. దాన్ని ఈరోజే తీయించండి. పాత తేదీ ఉన్నందుకు ఎవరూ తప్పు పట్టరు. దొంగ తేదీ ఒకసారి పట్టుబడితే మిగతా పేజీలు కూడా నమ్మరు.

రెండో వాక్యం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఆ తప్పులో నాకూ వాటా ఉంది. ‘భారత ఉపఖండంలోనే రెండో పొడవైన గుహలు.’ ఈ మాట కొన్ని వందల సైట్లలో ఉంటుంది. బెలుం పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల ప్రస్తావన చేశాడు, 1982, 83 సంవత్సరాల్లో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి లోపల కొలిచారు. 3,229 మీటర్లంటే మూడు కిలోమీటర్ల పైమాట. మేఘాలయలో జైంతియా కొండల్లోని క్రెమ్ లియట్ ప్రా గుహ 30 కిలోమీటర్లు దాటింది. క్రెమ్ కోట్సాటి 20 దాటింది. అక్కడ బెలుం కంటే పొడవైనవి ఇంకా చాలా ఉన్నాయి. మరి ‘రెండోది’ ఎలా అయింది? మైదాన ప్రాంతంలోనివి, జనం చూడటానికి తెరిచినవి అని ఎక్కడో ఒక షరతు ఉండి ఉంటుంది. ఒకరి నుంచి ఒకరు రాసుకుంటూ పోయేసరికి షరతు రాలిపోయింది, ‘రెండోది’ మిగిలింది.

2011లో ఒక లాడ్జి సైటుకు ఆ వాక్యాన్ని నేనూ అలాగే ఎత్తి రాశాను. అంతటితో ఆగలేదు, 3,229 అని కొట్టబోయి 3,292 అని కొట్టాను. రెండేళ్ల తరువాత భూగోళం చెప్పే మాస్టారొకరు ఉత్తరం రాసి రెండు తప్పులూ చూపించారు. సరిచేశాను. కానీ ఈలోగా నా 3,292 మరో ఐదారు సైట్లలోకి పాకిపోయింది. మీ పేజీలో కూడా అదే అంకె చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంటే ఆ పేజీ రాసినవాళ్లు గుహ దగ్గరికి వెళ్లలేదు సరికదా, అక్కడి బోర్డు ఫొటో కూడా చూడలేదు. నా తప్పును చూసి రాసుకున్నవాణ్ని చూసి రాసుకున్నారు.

మా కడపలో ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. 1820లో కడపకు వచ్చిన సీపీ బ్రౌన్ అక్కడ బంగళా కొన్నాడు. సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని, ఊరూరా ఉన్న తాళపత్ర ప్రతులు తెప్పించి, ఒకదానితో మరొకటి సరిచూపించాడు. ప్రతులు సరిచూసే పని చేసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఇరవై ప్రతుల్లో ఒకే పద్యపాదంలో ఒకే లేఖక దోషం కనబడితే వాటిని ఇరవై సాక్ష్యాలుగా లెక్కపెట్టరు. అవి ఒకే మాతృకకు ఎత్తి రాసిన నకళ్లు, అన్నీ కలిపి ఒక్క సాక్ష్యమే. వెబ్‌సైట్లకు కూడా నేను ఇదే లెక్క వేస్తాను. ‘పది సైట్లలో ఉంది కదా’ అని ఎవరైనా అంటే, ఆ పదింటిలో మాతృక ఏది, అక్కడికి వెళ్లి చూసి రాసినవాళ్లు ఎంతమంది అని అడుగుతాను. తరచుగా జవాబు ఒకటి, అప్పుడప్పుడు సున్నా. మీ ఊరి పాత సైటు, ఎంత వికారంగా ఉన్నా, ఒక మాతృక. మీది నకలు. నకలు ఎన్ని రంగులద్దినా మాతృక కాదు.

గూగుల్ వాళ్లు కూడా చివరికి ఈ దారికే వచ్చారు. వెతికితే వచ్చిన పేజీలు బాగున్నాయో లేదో చూసి చెప్పడానికి వాళ్లు మనుషులను పెట్టుకున్నారు, ఆ మనుషులు ఎలా అంచనా వేయాలో చెప్పే పెద్ద మార్గదర్శకం ఒకటి అందరికీ అందుబాటులో ఉంచారు. వాళ్లు వేసే మార్కులు ఏ ఒక్క సైటు స్థానాన్నీ నేరుగా మార్చవు, వెతుకుడు యంత్రం సరిగ్గా పనిచేస్తోందా అని చూసుకోవడానికే అవి. అందులో మొదట నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయత అని మూడు మాటలుండేవి. 2022 డిసెంబరులో నాలుగోది చేర్చారు, అనుభవం. అంటే రాసిన మనిషి ఆ వస్తువును వాడాడా, ఆ చోటికి వెళ్లాడా అని. నాలుగింటిలో విశ్వసనీయతే అసలైనదని వాళ్లే చెబుతారు. మనిషి ఆరోగ్యానికీ డబ్బుకూ సంబంధించిన పేజీలను మరింత కఠినంగా చూడాలంటారు. మందుల గురించి రాసే సైటును చూసినట్టు సినిమా కబుర్ల సైటును చూడనక్కరలేదు కదా. మీది రెండింటికీ మధ్యలో ఉంటుంది, ముందుగా డబ్బు కట్టమంటున్నారు కాబట్టి డబ్బు వైపే కాస్త మొగ్గు.

ఆ డబ్బు దగ్గరే జనం భయపడుతున్నారు. దానికి కారణం మీరు కాదు, వేరేవాళ్లు.

నిరుడు మా తోడల్లుడు ఒక పుణ్యక్షేత్రంలో గదుల కోసం ఫోనులో వెతికి, మొదట కనబడిన సైటులో 4,200 రూపాయలు కట్టాడు. అక్కడికి వెళ్తే గదీ లేదు, రసీదూ చెల్లదు. రాత్రి నాకు ఫోను చేశాడు. ముందు 1930కి ఫోను చేయించాను, ఆన్‌లైన్ మోసాలకు అదే నంబరు, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. తరువాత ఆ సైటు తెరిచాను. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది, మీ సైటు కంటే కూడా. గోపురం ఫొటో, సుప్రభాతం, గదుల బొమ్మలు, చిరునామా పక్కన తాళం గుర్తు. మా తోడల్లుడు దాన్నే పట్టుకున్నాడు: ‘తాళం ఉంది కదా!’

తాళం అంటే మన ఫోనుకూ ఆ సైటుకూ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని. అవతల కూర్చున్నది దొంగా దొరా అన్నది అది చెప్పదు. కవరుకు లక్కముద్ర పడి ఉంటుంది, లోపలి ఉత్తరం ఎవరు రాశారో ఆ ముద్ర చెప్పదు. ఆ ధ్రువపత్రం ఇప్పుడు ఉచితంగా, నిమిషాల్లో ఎవరికైనా దొరుకుతుంది. తాళాన్ని చూసి జనం ఇలా పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ బ్రౌజరు ఆ గుర్తును తీసి మరో గుర్తు పెట్టింది.

నేను చూసినవి వేరు. చిరునామాను కుడి నుంచి ఎడమకు చదివాను. ‘https://’ తరువాత వచ్చే మొదటి అడ్డగీతకు (/) ముందున్న చివరి ముక్కే అసలు ఇంటి పేరు, దాని ఎడమవైపు ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు. ప్రభుత్వ సైట్లకు ‘జీఓవీ డాట్ ఇన్’ అన్నది ఆ చివరి స్థానంలో ఉంటుంది, దాన్ని ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ఈ సైటులో ఆ అక్షరాలు మధ్యలో ఉన్నాయి, చివర ‘డాట్ కామ్’ ఉంది. పేరు ఎప్పుడు నమోదయిందో చూస్తే 19 రోజుల కిందట. ‘మా గురించి’ అన్న పేజీ నొక్కితే, సైటు నమూనాలో ఖాళీ నింపడానికి పెట్టే అర్థంలేని లాటిన్ ముక్కలు అలాగే ఉన్నాయి. డబ్బు వెళ్లింది ఒక వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి. మూడు నిమిషాల పని. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఇలా మోసపోయినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. 2002లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2,684 మందికి సైట్లు చూపించి, దేన్ని నమ్ముతారు, ఎందుకు నమ్ముతారు అని అడిగారు. వచ్చిన వ్యాఖ్యల్లో 46.1 శాతం సైటు పైరూపం గురించే. అదే విశ్వవిద్యాలయంలో 2017లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ మరొకటి చేశారు. 10 మంది చరిత్ర ఆచార్యులను, 25 మంది విద్యార్థులను, వార్తల నిజానిజాలు తేల్చే వృత్తిలో ఉన్న 10 మందిని కూర్చోబెట్టి కొన్ని సైట్లు ఇచ్చారు. ఆచార్యులూ విద్యార్థులూ ఎక్కువగా ఆ పేజీలోనే పైనుంచి కిందికి చదువుతూ ఉండిపోయారు, చిహ్నాన్నీ చిరునామానూ చూసి బోల్తా పడ్డారు. వార్తలు తేల్చేవాళ్లు మాత్రం పేజీ తెరిచిన కొద్దిసేపటికే దాన్ని వదిలి బయటికి వచ్చి, వీళ్ల గురించి ఇతరులు ఏమంటున్నారని వెతికారు. వాళ్లే త్వరగా, సరిగ్గా చెప్పారు. మనూళ్లో సంబంధం చూసేటప్పుడు పెళ్లివారింట్లో కూర్చుని కాఫీ తాగి లేచి వచ్చేస్తామా? వీధి చివర కిరాణా కొట్టులో ఒక మాట అడిగి వస్తాం. ఆ పండిత ఆచార్యులకు ఈ బుద్ధి తట్టలేదు పాపం.

కాబట్టి మీ సైటుకు వచ్చినవాళ్లు కూడా బయటికి వెళ్లి మీ గురించి వెతుకుతారు. నేను వెతికాను. మీ సంస్థ పేరుతో సైటు తప్ప ఇంకేమీ దొరకలేదు. సైటులో మీ పేరు లేదు, ఊరి చిరునామా లేదు, కారు నంబరు లేదు. కారు ఫొటోలు విదేశాలవి, ఒకదాంట్లో స్టీరింగు ఎడమవైపు ఉంది! ముందుగా రెండు వేలు కట్టమని మాత్రం ఉంది. నేనైనా కట్టను.

ప్రభుత్వ చిరునామా ఉంది కదా అని నాణ్యత ఉంటుందనుకోవద్దు. ఒక కార్యాలయం సైటులో బదిలీ అయి నాలుగేళ్లయిన అధికారి నంబరు ఇంకా ఉంది. ఉత్తర్వులన్నీ వంకరగా స్కాన్ చేసిన కాగితాలు, ఒక్క మాట వెతికినా దొరకదు. సైటు ఎవరిదో తేలింది, అంతే. పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఈ వెతికితే దొరకకపోవడం తెలుగువాళ్ల సైట్లకు పట్టిన పాత జబ్బు. నా డీటీపీ రోజుల్లో వాడిన తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంకేతం ఉండే పద్ధతివి, కావు. తెర మీద ‘అ’ కనబడుతుంది, లోపల కంప్యూటర్ దగ్గర ఉన్నది ఏదో ఇంగ్లీషు అక్షరం లేదా గుర్తు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే చీమల బారు. 2009లో ఒక ఆయుర్వేద వైద్యుడికి సైటు చేసినప్పుడు, ఈ తలనొప్పి ఎందుకని తెలుగు పేజీలన్నిటినీ బొమ్మలుగా మార్చి పెట్టేశాను. ముత్యాల్లాంటి అక్షరాలు, ఆయన మురిసిపోయారు. ఆరు నెలలైనా ఆ సైటును వెతికి వచ్చినవాడు ఒక్కడు లేడు. బొమ్మలోని అక్షరం మన కంటికే అక్షరం, వెతుకుడు యంత్రానికి అప్పట్లో అది వట్టి రంగు. చూపులేనివాళ్లకు చదివి వినిపించే సాధనాలకూ అంతే. ఆ వైద్యుడికి మళ్లీ మొత్తం యూనికోడ్‌లో కొట్టించి ఇచ్చాను, కూలి తీసుకోలేదు.

మీ సైటులో అద్దె ధరల పట్టిక ఒక బొమ్మ. ఫోను నంబరు కూడా బొమ్మలోనే ఉంది. కార్ల వ్యాపారంలో ఉండి, వేలితో నొక్కితే మోగని నంబరు పెట్టుకున్నారు! చూసినవాడు కాగితం మీద రాసుకుని, మళ్లీ కొట్టాలి. ఎంతమంది ఆ శ్రమ పడతారు? అన్నిటికంటే ముందు దీన్ని మార్చండి.

అనువాదం సంగతి కూడా చూడండి. ‘కారు బుక్ చేసుకోండి’ అని ఉండాల్సిన చోట ‘ఇప్పుడు పుస్తకం’ అని ఉంది. లేపాక్షిలో వేలాడే స్తంభాన్ని ‘ఉరి స్తంభం’ అన్నారు. యంత్రం చేసిన అనువాదాన్ని ఒక్కరూ చదవలేదని ఈ రెండు మాటలే చెబుతాయి. మీరు చదవని పేజీని ఇంకొకరు ఎందుకు చదవాలి?

ఇక వేగం. మూడు కొలతలు గుర్తుంచుకుంటే చాలు: పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి, చదువుతుండగా అక్షరాలు కిందికీ పైకీ గెంతకూడదు. మీ గండికోట పేజీకి 41 రావడానికి కారణం మొదటిదే. పైనున్న లోయ ఫొటో ఒక్కటే 6 మెగాబైట్లు. కొండ మీద సిగ్నలు సన్నగిల్లి సెకనుకు 2 మెగాబిట్లు వస్తోందనుకోండి, ఆ ఒక్క ఫొటో దిగడానికి 24 సెకన్లు. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు వచ్చి, ఎండలో నిలబడి, తిరుగు ప్రయాణానికి కారు కోసం చూసే మనిషి అంతసేపు ఆగడు. ఫొటోను తెర వెడల్పుకు కుదించి దాచితే రెండు వందల కిలోబైట్లలో సరిపోతుంది. తెల్లటి నేల మీద లేత బూడిద రంగు అక్షరాలు కూడా మార్చించండి. అక్షరానికీ నేలకూ కాంతి తేడా కనీసం 4.5కు 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. మే నెల ఎండలో అదీ చాలదని నా అభిప్రాయం, నలుపే మంచిది.

నెలకు వంద పేజీల మాట. వద్దు. 2024 మార్చిలో గూగుల్ తన నిబంధనల్లో స్పష్టంగా రాసుకుంది: వెతుకుడులో పైకి రావడం కోసమే గంపగుత్తగా పేజీలు పుట్టిస్తే, మనిషి రాసినా యంత్రం రాసినా, చెత్త కిందే లెక్క. 2011 నుంచీ ఇలాంటి పేజీలను వాళ్లు వడపోస్తూనే ఉన్నారు. ఆ భయం లేకపోయినా నేను వద్దనే అంటాను. మీకు ఇప్పటికే 140 పేజీలున్నాయి. వాటిలో మీరు స్వయంగా వెళ్లిన చోట్లు ఎన్ని? కారు నడిపేవాళ్లు కాబట్టి బహుశా ముప్పై ఉంటాయి. ఆ ముప్పై ఉంచి, మిగతా 110 తీసేయండి. చేతులు వణుకుతాయి, తెలుసు. నేను మొదటిసారి ఒక లాడ్జి సైటులో అరవై పేజీలు తీసేసినప్పుడు ఆ యజమాని నాతో వారం మాట్లాడలేదు.

మిగిలిన ముప్పైలో మీ డ్రైవర్లను కూర్చోబెట్టి ఒక్కో చోటు గురించి అడగండి. ఏ నెలలో వెళ్తే బాగుంటుంది, ఎక్కడ కారు నిలపాలి, ఎక్కడ భోజనం దొరకదు, ఏ దారిలో రాత్రి నడపరు, ప్రయాణికులు ఎక్కువగా దేని గురించి గొణుగుతారు. మంత్రాలయం వెళ్లే కుటుంబాలకూ జొన్నగిరి వైపు తొలకరిలో వజ్రాల కోసం వెళ్లేవాళ్లకూ కావలసినవి ఒకటి కాదు. ఇరవై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషి నోట పదినిమిషాల్లో వచ్చేది ఏ సంస్థా మీకు వంద పేజీల్లో రాసి ఇవ్వలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి, కింద ఆయన పేరు, తేదీ పెట్టండి. దారి మారితే పక్కాయనలా గీత గీసి కొత్తది రాయండి. ఈ పనిలో ఆయన్ను అనుకరిస్తే తప్పు లేదు. పసుపు రంగు మాత్రం వద్దు.

బెలుం పేజీతో మొదలుపెట్టండి. నంద్యాల జిల్లా, 3,229 మీటర్లు, ‘రెండో పొడవైన’ అన్నది తీసేయడం, నొక్కితే మోగే నంబరు, మీ ఫొటో, కారు ఫొటో. అయ్యాక చెప్పండి. నా ఫోను కొత్తది, దాంట్లో అన్నీ బాగానే కనబడతాయి. మా ఆవిడది ఆరేళ్ల కిందటిది, తెర పగిలి ఉంది. ఆమె ఫోనులో, వంటింట్లో, వైఫై కట్టేసి తెరిచి చూసి చెబుతాను.